వానల్లో బాంద్రా స్టేషన్: ముందు మెట్ల దగ్గర జాగ్రత్త

జూన్ రెండో వారం వచ్చిందంటే ముంబైలో వానలు దిగినట్టే. బీకేసీలో (బాంద్రా-కుర్లా కాంప్లెక్స్, ఆఫీసులుండే ప్రాంతం) కొత్తగా ఉద్యోగంలో చేరి, ఇక్కడి వాన మొదటిసారి చూడబోతున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏళ్ల తరబడి రోజూ బాంద్రాలో ఎక్కి దిగుతున్నదాన్ని. వాన అనగానే అందరూ పట్టాల మీద నీళ్ల గురించే అడుగుతారు. నాకు మాత్రం అంతకంటే ఎక్కువ భయం మెట్లంటేనే.

2017 సెప్టెంబర్ 29 ఉదయం ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌లో (ఇప్పుడు దాని పేరు ప్రభాదేవి) జరిగింది గుర్తు చేసుకోండి. బయట వాన. తడవకుండా ఉందామని జనం వంతెన మీదే ఆగారు. వెనక రైళ్లు వస్తూనే ఉన్నాయి, దిగినవాళ్లు మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. తొక్కిసలాటలో 23 మంది పోయారు. అక్కడ వరదేమీ లేదు.

బాంద్రాలోనూ వాన రోజున ఇదే కనిపిస్తుంది. వంతెన మెట్లు దిగి, కప్పు అయిపోయేచోట ఒకాయన ఆగుతాడు. సంచీ భుజం మార్చుకుని, గొడుగు బొత్తాం నొక్కుతాడు. అది తెరుచుకోదు, మళ్లీ నొక్కుతాడు. ఆ కాసేపట్లోనే పై మెట్టు దాకా జనం బిగుసుకుపోతారు. కాబట్టి రెయిన్‌కోటు రైల్లో ఉండగానే వేసుకోండి. గొడుగే వాడేవాళ్లయితే తడిసినా పర్వాలేదు, మెట్లు దాటి పది అడుగులు పక్కకి వెళ్లాక తెరవండి. మెట్ల మీద ఫోను తీయకండి.

రైలు దిగగానే వంతెన వైపు ఒకసారి చూడండి. మెట్ల మొదట్లోనే జనం కదలకుండా నిలబడి ఉంటే అటు వెళ్లకండి. ప్లాట్‌ఫాం మీద ఖాళీగా ఉన్నచోటికి నడిచి పది నిమిషాలు ఆగండి. ఆఫీసుకి ఆలస్యమైతే అవనివ్వండి. పొరపాటున ఇరుక్కుపోతే రెండు చేతులూ ఛాతీకి అడ్డంగా పెట్టుకుని ఊపిరికి చోటు ఉంచుకోండి. జనానికి ఎదురు తోయకండి, వాళ్లతోపాటే కదులుతూ కొంచెం కొంచెంగా పక్కకి జరగండి. చెప్పు జారినా, ఫోను పడినా వంగొద్దు. పిల్లలుంటే ఎత్తుకోండి.

అన్నట్టు చెప్పుల మాట. హవాయి చెప్పులు తడి మెట్ల మీద సబ్బులా జారతాయి. వెనక పట్టీ ఉన్న, అడుగున గాడులున్న రబ్బరు చెప్పులు కొనుక్కోండి. ఆఫీసు బూట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచీలో పెట్టుకోవచ్చు.

సాయంత్రం చర్చ్‌గేట్ వైపు నుంచి బాంద్రాకి వచ్చేటప్పుడు విరార్ ఫాస్ట్ (కొన్ని స్టేషన్లలోనే ఆగుతూ దూరాన ఉన్న విరార్ దాకా వెళ్లే లోకల్) ఎక్కకండి. అది బాంద్రాలో ఆగినా లోపలి జనం మిమ్మల్ని దిగనివ్వరు, అంత దూరం వెళ్లాల్సినవాళ్లు వాళ్లు. స్లో లోకల్ ఎక్కితే కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. ఒక స్టేషన్ ముందే "బాంద్రా ఉతర్‌నా హై క్యా?" (బాంద్రాలో దిగుతారా?) అని ముందున్నవాళ్లని అడిగి, తలుపు ఏ వైపు వస్తుందో కూడా తెలుసుకోండి. గుమ్మం తడిసి ఉంటుంది, కడ్డీ కూడా తడే. గాలి కోసం అక్కడ నిలబడకండి.

ఇక నీళ్లు. పొద్దున్నే రెండు చూసుకోండి: వాతావరణ శాఖ ఏ రంగు హెచ్చరిక ఇచ్చింది, సముద్రం పోటు ఎన్ని గంటలకి. పోటు నాలుగున్నర మీటర్లు దాటే వేళకే కుండపోత కూడా పడితే కాలవల నీళ్లు సముద్రంలోకి పోలేవు. మిఠీ నది మాహిం దగ్గర సముద్రంలో కలిసేది బాంద్రా పక్కనే కదా. నవీ ముంబై వైపు వెళ్లేవాళ్లు, దారిలో ఉన్న కుర్లా, చునాభట్టి మునిగాయని వినగానే ఇంక స్టేషన్‌కి బయల్దేరకండి. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రాత్రి ఎంతోమంది ఆఫీసుల్లోనే, రైలు పెట్టెల్లోనే తెల్లవార్లూ కూర్చున్నారు. అందుకే సంచీలో ఒక జత పొడిబట్టలు, నీళ్లు, బిస్కెట్లు, పవర్ బ్యాంక్, కొంచెం నోట్ల డబ్బు ఉంచుకోండి. నెట్‌వర్క్ పోతే ఫోన్లో డబ్బు అక్కరకు రాదు.

రైలు మధ్యలో ఆగిపోతే దూకకండి. పైన తీగల్లో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది, పక్క పట్టాల మీద ఇంకో రైలు రావచ్చు, నీళ్ల కింద గుంత ఎక్కడుందో కనపడదు. రైల్వే సహాయ నంబరు 139కి ఫోన్ చేయండి. రైల్వేవాళ్లే దించితే వాళ్లు చూపించిన దారినే నడవండి.

లోకల్స్ ఆగిపోయిన రోజున కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: దాదర్‌కి ఆటో కోసం వెతకడం. ఆటోలు మాహిం దాటి దక్షిణాన ఉన్న అసలు నగరంలోకి వెళ్లడానికి వీల్లేదు. బస్సో టాక్సీయో చూసుకోవాలి, లేదా బాంద్రాలోనే ఎవరింట్లోనైనా ఆగిపోవాలి.

మురికి నీళ్లలో నడిచారా, ఇంటికెళ్లగానే కాళ్లు సబ్బుతో కడుక్కుని, 72 గంటల్లోపు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ అనే ప్రమాదకరమైన జ్వరం వస్తుంది. కాలి మీద పుండో గీతో ఉంటే అసలు ఆలస్యం చేయకండి. ముందుజాగ్రత్త మందు ఎవరికి ఎంత అన్నది డాక్టర్ చెప్పాలి, పక్కింటివాళ్ల చీటీ చూసి వేసుకోవద్దు.

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తుంటే టికెట్ మీద పేరు సరిగా చదవండి. బాంద్రా వేరు, బాంద్రా టెర్మినస్ వేరు. 1888లో కట్టిన పాత భవనం ఉన్నది లోకల్ స్టేషన్‌కి. దూరప్రయాణం రైళ్లు బయల్దేరే టెర్మినస్ తూర్పున విడిగా ఉంటుంది, 2024 అక్టోబర్ 27న గోరఖ్‌పూర్ రైలు కోసం తొక్కిసలాట జరిగింది అక్కడే. వానలో బాంద్రా ఈస్ట్ నుంచి ఆటో దొరకడం కష్టం. లోకల్‌లో బాంద్రా పక్క స్టేషన్ ఖార్ రోడ్‌లో దిగితే వంతెన మీదుగా నడిచి టెర్మినస్ చేరవచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు సామాను తగ్గించి, రెండు గంటల ముందే ఇంట్లోంచి బయల్దేరండి.