ఎలక్ట్రానిక్ పవర్ స్విచ్ - 5వ పాఠం: లోడ్ మారితే లిమిట్ ఎంత?

పోయిన పాఠంలో లిమిట్ పిన్‌కు (ఎంత కరెంట్ దాకా వదలాలో చిప్‌కు చెప్పే కాలు) రెసిస్టర్ పెట్టి, 5 వోల్టుల స్విచ్ చిప్‌ను 1 ఆంప్‌కు సెట్ చేశాం. డేటాషీట్‌లో, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో, అటూ ఇటూ 15 శాతం అని ఉందనుకోండి. అప్పుడు 0.85 నుంచి 1.15 ఆంప్‌ల మధ్య ఎక్కడ ఆపినా ఆ చిప్ మంచిదే. మన చేతిలో ఉన్నది ఎక్కడ ఆపుతుందో ఇవాళ కొలుద్దాం.

కనీసం 3 ఆంప్‌ల సప్లై, మల్టీమీటర్, లోడ్‌గా పెట్టడానికి 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు (10, 4.7, 3.3, 1 ఓం) దగ్గర పెట్టుకోండి. మీటర్‌ను కరెంట్ దారిలో పెట్టొద్దు, దాని వైర్లకూ కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. రెసిస్టర్ మీద వోల్టేజీ చూసి ఓంలతో భాగించండి, చాలు.

10 ఓంలకు 0.5 ఆంపే, లిమిట్‌తో పనే పడదు. 4.7 ఓంలు అడిగేది 1.06 ఆంప్‌లు. ఒక చిప్ ఇస్తుంది, ఇంకోటి ఇవ్వదు, కాబట్టి దీనితో ఏదీ తేల్చలేం. 3.3 ఓంలు 1.5 ఆంప్‌లు అడుగుతాయి. ఇక్కడ అసలు సంగతి బయటపడుతుంది. బోరు మోటారు స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే కాసేపు చూసి ట్రిప్ అవుతుంది కదా, మన చిప్ అలా ఆపేయదు. కరెంట్‌ను 1 ఆంప్ దగ్గర పట్టి ఉంచి, అవుట్‌పుట్‌ను 3.3 వోల్టులకు దించుతుంది. మిగిలిన 1.7 వోల్టుల భారం చిప్ మీదే, అంటే 1.7 వాట్ల వేడి.

1 ఓం పెడితే ఆ వేడి 4 వాట్లు. అంత చిన్న చిప్ తట్టుకోలేదు. కాగిపోయి తనంతట తనే ఆగుతుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. చాలా చిప్‌లు ఇట్లనే ఆగుతూ సాగుతూ ఉంటాయి. మల్టీమీటర్ చూపేది ఆ మొత్తానికి సగటు. 0.4 అని కనబడితే "లిమిట్ తప్పింది" అని చిప్‌ను పారేయకండి. ఆన్‌లో ఉన్నప్పుడు ఎంత ఇస్తుందో ఆసిల్లోస్కోప్‌లోనే (క్షణక్షణానికీ వోల్టేజీని గీతగా చూపే పరికరం) తెలుస్తుంది. మే నెలలో నల్లగొండలో రేకుల షెడ్డు కింద కొలిస్తే 3.3 ఓంలకే ఈ ఆట మొదలవ్వొచ్చు. అందుకే రీడింగ్ పక్కన గది ఉష్ణోగ్రత కూడా రాయమనేది.

నేరుగా షార్ట్ చేస్తే లెక్క వేరు. చిప్ స్పందించడానికి కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. ఆలోపు కరెంట్‌ను ఆపేవి వైర్లూ సప్లైయే. అది లిమిట్ కచ్చితత్వం కిందికి రాదు. కొన్ని చిప్‌లలో ఇంకో చిక్కు ఉంది: లోడ్ మెల్లగా పెంచితే లిమిట్ దాటి కొంత పైదాకా వెళ్లనిచ్చి, అప్పుడు కిందికి లాగుతాయి. షార్ట్‌లో కొలిచిన అంకె, మెల్లగా పెంచి కొలిచిన అంకె అందుకే కలవవు. డేటాషీట్‌లో 15 శాతం పక్కన ఏ పరిస్థితి రాశారో చదవకుండా ఆ అంకెను నమ్మొద్దు.

ఇంటి పని: 2.2 ఓంలు కలిపే ముందు చిప్‌లో ఎన్ని వాట్లు కాగుతాయో కాగితం మీద లెక్క కట్టండి. వచ్చే పాఠంలో 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలుపుదాం.