తెల్లవారుజామున దిగేవాడికి ఏ హోటల్?

మాది విశాఖ. ఆడిట్ పని మీద నెలకోసారి హైదరాబాద్ వస్తుంటాను. సాయంత్రం ఎక్కిన గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామునే ఊళ్లో దింపేస్తుంది. హోటళ్లు గది ఇచ్చేది మాత్రం మధ్యాహ్నం పన్నెండుకో, రెండుకో. ఊరూరా ఒకే పేరుతో నడిచే చైన్ హోటలా, సొంత తీరుతో విడిగా నడిచే చిన్న బొటీక్ హోటలా అన్న లెక్క నాకు అక్కడే మొదలవుతుంది.

చైన్ హోటల్ కౌంటర్‌లోని అబ్బాయి ఎంత మర్యాదస్తుడైనా నిబంధన దాటలేడు. ముందుగా గది కావాలంటే సాధారణంగా అదనంగా కట్టాల్సిందే. చిన్న బొటీక్ హోటల్ అయితే ముందు రోజు రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ చేయండి. ఆ రాత్రి ఏదైనా గది ఖాళీగా ఉందా అని అడగండి. ఉంటే ఆరింటికే ఇస్తామంటారు. ఆ మాట ఫోనులో మెసేజ్‌గా పంపమనండి, ఎందుకంటే రాత్రి మాట్లాడినవాడు పొద్దున డ్యూటీలో ఉండడు.

బొటీక్ హోటల్లో ఏ రెండు గదులూ ఒకలా ఉండవు. బంజారాహిల్స్‌లో పాత బంగళాను మార్చి కట్టిన ఒకచోట, ఫొటోలో కిటికీ నిండా మామిడి కొమ్మలు చూసి డబ్బు కట్టాను. నాకిచ్చిన గది కిటికీ తెరిస్తే జనరేటర్. అప్పటినుంచి నాలుగు సంగతులు అడగనిదే డబ్బు కట్టను: కిటికీ ఎటు తెరుచుకుంటుంది, లిఫ్ట్ ఉందా, జనరేటర్ ఎక్కడ, ఆ రాత్రి పక్కన పెళ్లి ఉందా. ముహూర్తాల రోజుల్లో చివరి ప్రశ్న చైన్ హోటల్లోనూ అడగాలి. బ్యాండు మేళానికి నక్షత్రాల లెక్క తెలియదు.

బోర్డు మీద పేరును బట్టి కూడా తేల్చేయకండి. ఫలక్‌నుమా ప్యాలెస్‌ను 2010 నుంచి హోటల్‌గా నడుపుతున్నది తాజ్ సంస్థ. లెక్కకు అది చైన్ హోటలే! కానీ 1884లో నవాబు వికారుల్ ఉమ్రా కట్టించడం మొదలుపెట్టిన మహలును ఏ కంపెనీ అయినా ఇంకో ఊళ్లో మళ్లీ కట్టగలదా?

ఇక పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు గది అద్దెపై జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,400 గదికి మొత్తం 7,770 అవుతుంది. 7,600 గదికి 8,968. అద్దెలో తేడా రెండు వందలే, జేబులోంచి అదనంగా పోయేది 1,198. హైటెక్ సిటీ దగ్గరి హైటెక్స్ ప్రదర్శనశాలలో పెద్ద ప్రదర్శనలు జరిగే రోజుల్లో ఆ చుట్టుపక్కల చైన్ హోటళ్ల రేట్లు పెరిగి ఈ గీత దాటేస్తుంటాయి. ఫోనులో కనిపించే ధర పన్నుతో కలిపా, విడిగానా అన్నది ముందే చూసుకోండి.

పని హైటెక్ సిటీలో ఉంటే రాయదుర్గం మెట్రోకు దగ్గరలో చైన్ హోటల్ తీసుకుంటాను. అక్కడ నాకు కావలసింది నిద్ర, ఇస్త్రీ చేసిన చొక్కా. బఫేలో ఆరిన ఇడ్లీ తినను, బయటికి వెళ్తాను. అమ్మను తీసుకొస్తే కూడా చైనే, లిఫ్ట్ కోసం. మా ఆవిడతో రెండు రోజులు ఊరికే వస్తే మాత్రం బొటీక్ హోటలే. ఫోన్ చేసేది ఆవిడే. జనరేటర్ సంగతి నాకంటే ముందు ఆవిడే అడుగుతుంది.