అసోసియేషన్ లెక్కలు కాగితం మీద అడగండి

అనంతపురంలో ఎండలు ముదిరాయంటే అపార్టుమెంటు ఖర్చుల్లో నీటి ట్యాంకర్లదే పెద్ద పద్దు. ఎన్ని వచ్చాయో, ఎంత చెల్లించారో మాత్రం కార్యదర్శికే ఎరుక! మెట్ల దగ్గర నోటిమాటగా అడిగితే "చూద్దాంలెండి" అంటారు, అంతే.

మీ సంఘం 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే ముందు బైలా (సంఘం నియమావళి) ప్రతి సంపాదించండి. సంఘంవారు ఇవ్వకపోతే జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో నకలుకు దరఖాస్తు పెట్టండి. లెక్కల పరిశీలనపై అందులో ఉన్న నిబంధనను చూపిస్తూ ఉత్తరం రాయండి. "అన్ని లెక్కలూ" అనకండి. ఏప్రిల్, మే ట్యాంకర్ల బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు అని విడిగా పేర్కొనండి. వివాదమైతే ఆ చట్టం 23వ సెక్షన్ కింద సభ్యులెవరైనా జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. ఆ ముక్క కూడా మర్యాదగానే చేర్చండి. ఉత్తరం రెండో ప్రతి మీద అందినట్లు సంతకం, తేదీ వేయించుకోవడం మరవద్దు.