ఆండలూసియా కొండల్లో మౌంటెన్ బైకింగ్: వేసవికి ముందే చూసుకోవాల్సినవి

"మా ఊళ్లో 45 డిగ్రీలు చూసినవాళ్లం, స్పెయిన్ ఎండ మాకో లెక్కా?" యూరప్‌లో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ సెలవుల్లో దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియాకు, గ్రనాడా వైపు బయల్దేరే మన పిల్లల నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు నాదీ అదే ధీమా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడి కొండల్లో సైకిల్ తొక్కాలనుకునేవాళ్లు ముందు దీన్ని వదులుకోవాలి. కార్డొబా దగ్గరి లా రాంబ్లాలో 2021 ఆగస్టు 14న 47.6 డిగ్రీలు నమోదైంది. పైగా మన ఊళ్లో అలాంటి ఎండలో ఎవరూ సైకిల్ మీద కొండెక్కరు, నీడపట్టున ఉంటారు.

విజయవాడలో చెమటకు చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది, నీళ్లు తాగాలని గుర్తుకొస్తుంది. అక్కడ గాలి పొడి. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. లాన్‌హరోన్ ఊరి పైన మట్టిరోడ్డు ఎక్కుతూ నాకు చెమటే పట్టడం లేదనుకున్నాను. ఒకచోట ఆగి బ్యాగు దించితే నల్ల జెర్సీ మీద పట్టీలున్న మేర తెల్లటి ఉప్పు చారలు, ముగ్గుపిండితో గీసినట్టు. అప్పటికే తల దిమ్ముగా ఉంది, బ్రేకు మీద వేళ్లు సరిగ్గా ముడుచుకోవడం లేదు. చెస్ట్‌నట్ చెట్టు నీడలో గంటసేపు కూర్చుంటే గానీ కుదుటపడలేదు. అందుకే దాహం వేసేదాకా ఆగకుండా గంటకు ముప్పావు లీటరు చొప్పున కొంచెం కొంచెంగా తాగండి. ఎక్కుడు దారి అయితే ఇంకా ఎక్కువ కావాలి. ఉత్త నీళ్లు చాలవు, ఓఆర్ఎస్ కలపండి. అక్కడి మందుల షాపులో 'సుయెరో ఓరాల్' అని అడిగితే ఇస్తారు. ఊరి కుళాయి మీద 'నో పొతాబ్లే' అని రాసి ఉంటే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. కొండ అంచున పారే సాగుకాలువల నీళ్లు ఎంత తేటగా కనిపించినా తాగొద్దు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా పల్లెల్లో చాలా దుకాణాలు మూసేస్తారు కాబట్టి నీళ్లు పొద్దున్నే కొనుక్కోండి.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది టైం దగ్గర. వేసవిలో స్పెయిన్ గడియారం సూర్యుడి కంటే బాగా ముందుంటుంది. గ్రనాడాలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. అసలు వేడి సాయంత్రం ఐదు, ఆరు గంటలప్పుడు. 'నాలుగైంది కదా, చల్లబడుతుంది' అని బయల్దేరితే సరిగ్గా మంటలోకే వెళ్తారు. తెల్లారగానే మొదలుపెట్టి పదకొండున్నరకల్లా ముగించడం మేలు. మలగా వైపు 'తెర్రాల్' అనే వేడిగాలి వీచే రోజైతే ఆ పూట రైడ్ మానుకోండి.

దిగుడు దారుల సంగతి వేరు. ఎండకు గట్టిపడిన నేల మీద సన్న కంకర, బండ మీద శనగలు పోసినట్టు ఉంటుంది. మలుపులోకి వెళ్లాక ముందు చక్రం బ్రేకు పట్టారా, చక్రం జారిపోతుంది. వేగం మలుపుకు ముందే తగ్గించుకోవాలి. కపిలేరా నుంచి ఓర్‌హివాకు దిగితే దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు కోల్పోతారు. అంత దూరం బ్రేకు అదిమిపెట్టి ఉంచితే డిస్క్ కాలి మాడు వాసన వస్తుంది, లీవర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. గట్టిగా పట్టి వదులుతూ దిగండి, మధ్యలో రెండు మూడుసార్లు ఆగండి. ఆగినప్పుడు డిస్క్‌ను చేత్తో ముట్టుకోవద్దు. ట్యూబ్‌లెస్ టైర్లలో పంక్చర్లను పూడ్చే ద్రవం, సీలెంట్, ఆ వేడికి తొందరగా ఎండిపోతుంది. చక్రం ఊపి చూడండి, లోపల ద్రవం కదిలిన చప్పుడు రాకపోతే కొత్తది పోయండి. ముళ్లపొదలు అడుగడుగునా ఉంటాయి.

సియెర్రా నెవాడా పర్వతాల పైభాగంలో వాతావరణం వేరుగా ఉంటుంది. 3,479 మీటర్ల ముల్‌హసేన్ శిఖరం ఉన్న కొండలివి. కింద సెగ పుడుతున్నా పైన చలిగాలి కోస్తుంది, ఉరుములవాన హఠాత్తుగా ముంచెత్తవచ్చు. పల్చటి జాకెట్ బ్యాగులో ఉండాల్సిందే. నేషనల్ పార్క్ కాబట్టి ప్రతి కాలిబాటలోకీ సైకిల్‌ను రానివ్వరు. బోర్డులు చూసుకుని వెళ్లండి.

జూన్ 1 నుంచి అక్టోబరు 15 దాకా ఆండలూసియాలో కార్చిచ్చు ప్రమాదం బాగా ఎక్కువగా ఉండే కాలం. 2021 సెప్టెంబరులో సియెర్రా బెర్మేహా కొండల్లో వేల హెక్టార్ల అడవి కాలిపోయింది, ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించారు. మంటలార్పడానికి వెళ్లిన సిబ్బందిలో ఒకరు ప్రాణం కోల్పోయారు. స్టవ్, సిగరెట్ ఊసే వద్దు. పొగ కనిపిస్తే ఫోటో కోసం ఆగకండి, 112కి ఫోన్ చేయండి. మంట ఏటవాలు వెంట పైకి చాలా వేగంగా ఎగబాకుతుంది కాబట్టి దానికి పైవైపు ఉండొద్దు, ఇరుకు లోయల్లోకి దిగొద్దు. పొగకు దూరంగా, చెట్లు లేని చోటికో ఊరివైపుకో వెళ్లండి. కొండ మలుపుల్లో సిగ్నల్ పోతుంది. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో బస ఇచ్చినవాళ్లకు చెప్పి బయల్దేరండి.

ఇన్సూరెన్స్ పాలసీలో మౌంటెన్ బైకింగ్ అనే మాట ఉందో లేదో ముందే చదవండి, చాలా వాటిలో సాహస క్రీడలు మినహాయింపుల్లో ఉంటాయి.

దారికి అడ్డంగా గేటు ఉంటే తీసి, దాటి, మళ్లీ వేయండి. గొర్రెల మంద కనిపిస్తే కాపలాగా పెద్ద మాస్టిన్ కుక్క కూడా ఉండొచ్చు. వేగంగా దాటిపోదామని చూడకండి, వెంటపడుతుంది. దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య ఉంచి, దాని కళ్లలోకి చూడకుండా మంద చుట్టూ దూరంగా నడిచి వెళ్లండి. కాపరి దగ్గర్లోనే ఉంటాడు, గట్టిగా 'ఓలా' (హలో) అని పిలవండి.