గోల్డ్ ఫిష్ నీళ్లన్నీ ఒకేసారి మార్చకండి

కొత్తగా గోల్డ్ ఫిష్ తెచ్చుకున్నవాళ్లకు ఒక్క మాట. తొట్టి మురికిగా కనిపించగానే నీళ్లన్నీ పారబోసి, నల్లా కింద కడిగి, కొత్త నీళ్లు నింపేస్తాం. నల్లగొండలో మా ఇంట్లో మొదటి చేప అలాగే పోయింది. పొద్దున నీళ్లు మార్చాను, సాయంత్రానికి పైకి తేలి నోరు తెరుస్తూ మూస్తూ ఆయాసపడింది. ఇప్పటికీ కళ్లముందే ఉంది.

నల్లా నీళ్లలోని క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుంది. పైగా చేప వదిలే అమ్మోనియా అనే విషాన్ని విరిచే మంచి బ్యాక్టీరియా ఎక్కువగా ఫిల్టర్ స్పాంజిలోనే ఉంటుంది, కడిగితే అదీ పోతుంది. అందుకే ముందురోజే బకెట్లో నీళ్లు పట్టి, మూత పెట్టకుండా 24 గంటలు ఉంచుతాను. తొందరుంటే అక్వేరియం షాపులో యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి. వారానికోసారి పావు వంతు నీళ్లే మార్చండి. తోడేసిన ఆ పాత నీళ్లలోనే స్పాంజిని మెల్లగా పిండండి.

మేత రెండు నిమిషాల్లో తినేసేంత చాలు. అద్దం దగ్గరికొచ్చి అడిగినట్టే చూస్తుంది, జాలిపడి ఎక్కువ వేయకండి.

మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు నీళ్లు వేడెక్కి వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. తొట్టిని కిటికీ దగ్గర నుంచి జరపండి, ఎయిర్ పంపు ఆపకండి. ఐసు ముక్కలు మాత్రం నేరుగా వేయొద్దు.