ఇంగ్లిష్ క్రియలు, 7వ పాఠం: 'ఎగ్ ఆన్' మళ్లీ ఒకసారి

ఈ వారం 'హెకిల్' (మాట్లాడేవాణ్ణి కేకలతో అడ్డుకోవడం) మొదలుపెట్టాల్సింది. కానీ గత పాఠానికి మీరు పంపిన వాక్యాలు చూశాక 'ఎగ్ ఆన్' (ఎగదోయడం) తేలకుండా ముందుకు వెళ్లడం మంచిది కాదనిపించింది. చాలామంది 'మా సార్ నన్ను బాగా చదవమని ఎగ్ ఆన్ చేశారు' అనే అర్థంలో రాశారు. అక్కడ కావాల్సింది 'ఎంకరేజ్'. ఎగ్ ఆన్ చేసేది బుద్ధి తక్కువ పనికీ, ప్రమాదం తెచ్చే పనికీ. మైదానంలో జనం ఆటగాణ్ణి ఎగ్ ఆన్ చేశారని మంచి అర్థంలో రాసేవాళ్లూ ఉన్నారు. చెయ్యి తిరిగేదాకా మీరు ఆ వాడుక జోలికి పోవద్దు.

'ప్రొవోక్'కీ దీనికీ తేడా ఎక్కడుందో చూడండి. కాలేజీ గేటు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు కాలర్లు పట్టుకున్నారు. ఒకడు ఎదుటివాడితో 'దమ్ముంటే కొట్టరా' అన్నాడు. అది ప్రొవోక్, రెచ్చగొట్టడం. చుట్టూ మూగినవాళ్లు 'ఇంకా చూస్తావేంట్రా, కొట్టు' అన్నారు. ఇది ఎగ్ ఆన్, ఎగదోయడం. ఎగదోసేవాడు మనవైపే నిలబడతాడు, దెబ్బలు మాత్రం మనకే తగులుతాయి.

ఇందులో గుడ్డు ఎందుకొచ్చిందని అడిగారు. రాలేదు. 793లో లిండిస్‌ఫార్న్ మఠంపై దాడితో ఇంగ్లండ్‌కు స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల తాకిడి మొదలైంది. తర్వాతి తరాల్లో వాళ్లు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. వాళ్ల నార్స్ భాషలో 'ఎగ్యా' అంటే పురిగొల్పడం. 1200 ప్రాంతానికి అది ఇంగ్లిష్ రాతల్లో కనిపిస్తుంది. కత్తి అంచుకు వాడే 'ఎడ్జ్' దీనికి చుట్టమే. మన చతురస్రంలో ఉన్న, అంచు అనే అర్థమిచ్చే సంస్కృత పదం కూడా ఆ వంశానిదే.

తినే 'ఎగ్' కూడా నార్స్ నుంచే వచ్చింది, కానీ అది వేరే మాట. ఇంగ్లిష్‌వాళ్లకు గుడ్డుకు సొంత మాట ఉండేది. 1490లో అచ్చువేసిన ఒక పుస్తకం ముందుమాటలో ఇంగ్లండ్ తొలి ముద్రాపకుడు విలియం కాక్స్‌టన్ ఈ సంగతి చెప్పాడు. గాలి లేక ఓడ ఆగిపోతే వ్యాపారులు ఒడ్డుకు దిగారు. వాళ్లలో ఒకడు ఒక ఇంటావిడను 'ఎగ్గెస్' అడిగాడు. ఆవిడ తనకు ఫ్రెంచి రాదంది. అతనికీ ఫ్రెంచి రాదు, కోపమొచ్చింది. ఇంకొకడు 'ఐరెన్' అని అడిగాకే ఆవిడకు అర్థమైంది.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టిన తప్పు. 'దే ఎగ్డ్ ఆన్ హిమ్.' ఇలా రాయకూడదు. 'హిమ్, హర్, మీ, అస్, దెమ్' వస్తే అవి మధ్యలోనే కూర్చోవాలి. దే ఎగ్డ్ హిమ్ ఆన్. షి ఎగ్డ్ మీ ఆన్. డోంట్ ఎగ్ దెమ్ ఆన్. హూ ఎగ్డ్ యూ ఆన్? పేరైతే రెండు చోట్లా కుదురుతుంది: ఎగ్డ్ రవి ఆన్, ఎగ్డ్ ఆన్ రవి. నేనైతే పేరునూ మధ్యలోనే పెడతాను. ఒకే అలవాటు ఉంటే మాట్లాడేటప్పుడు తడుముకోనక్కర్లేదు. 'ఆన్' మరిచిపోతే అర్థమే మారిపోతుంది. 'దే ఎగ్డ్ హిమ్' అంటే అతన్ని గుడ్లతో కొట్టారని.

అభ్యాసం: మాయాజూదం ఘట్టం తీసుకోండి. శకుని ధర్మరాజుతో 'భయమైతే ఆట మానుకో' అంటాడు. దుర్యోధనుడి పక్కన చేరి మాట్లాడే శకుని తీరు వేరు. ఇద్దరితో అతని మాటల్ని పది ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పండి. ఐదింట్లో 'ప్రొవోక్', ఐదింట్లో 'ఎగ్ ఆన్' రావాలి. 'ఎగ్ ఆన్' వాక్యాల్లో దుర్యోధనుడి పేరు వాడకండి, 'హిమ్' మాత్రమే వాడండి. అవి రాశాకే 'హెకిల్'కు రండి.