భూగర్భ పైపులైన్లకు బీఐఎం ఫ్యామిలీలు తయారుచేసే ముందు జాగ్రత్తలు

రెవిట్ అనే బీఐఎం (నిర్మాణ సమాచార మోడలింగ్) సాఫ్ట్‌వేర్‌లో మ్యాన్‌హోల్ ఫ్యామిలీ, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే నమూనా, ఒకటి తప్పుగా తయారైతే, దాన్ని ఎన్నిచోట్ల పెడితే అన్నిచోట్లా అదే తప్పు. తలుపో కిటికీయో అయితే తేడా కంటికి కనబడుతుంది. నేలకింద 150 మి.మీ. తేడా మాత్రం తవ్వకం మొదలయ్యాకే బయటపడుతుంది.

మొదట తేల్చుకోవాల్సింది ఆరిజిన్, అంటే ఫ్యామిలీ కొలతలన్నిటికీ మూలబిందువు. చాలామంది మూత మధ్యలో పెడతారు, ప్లాన్‌లో అదే సులువుగా కనిపిస్తుంది కాబట్టి. మా సలహా వేరు: చాంబర్ (మ్యాన్‌హోల్ గది) కేంద్రరేఖ మీద, బయటికి వెళ్లే పైపు ఇన్వర్ట్ (పైపు లోపలి అడుగు) ఎత్తులో పెట్టండి. ఇన్వర్ట్‌ను నీటి వాలు నిర్ణయిస్తుంది. కవర్ లెవల్ (మూత ఎత్తు) రోడ్డు డిజైన్‌తో పాటు చివరిదాకా మారుతూనే ఉంటుంది. ఇన్వర్ట్ 98.400, కవర్ 101.250 అయితే లోతు 2.850 మీటర్లు. రోడ్డును 150 మి.మీ. ఎత్తితే లోతు 3.000 అవుతుంది, షాఫ్ట్ (మూత దాకా వెళ్లే నిలువు భాగం) పొడవు మాత్రమే పెరుగుతుంది. అదే ఆరిజిన్ మూత మీద ఉంటే, రోడ్డుతో పాటు చాంబర్ మొత్తం పైకి లేచి పైపుల వాలు చెడుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ప్రాజెక్టులో పెట్టిన ఎత్తును ఫ్యామిలీ ఫార్ములా చదవలేదు. ఇన్వర్ట్ లెవల్‌ను విడిగా పారామీటర్‌గా టైపు చేయిస్తే ఒకే విషయానికి రెండు విలువలు పుడతాయి, ఏదో ఒకరోజు రెండూ విడిపోతాయి. కాబట్టి ఎత్తును ఆఫ్‌సెట్‌కే (ప్రాజెక్టులో పెట్టేటప్పుడు ఇచ్చే ఎత్తుకే) వదిలేయండి. ఫ్యామిలీలో లోతు ఒక్కటే ఇన్‌స్టాన్స్ పారామీటర్‌గా (పెట్టిన ప్రతిచోటా విడిగా మార్చగలిగే విలువగా) ఉంచి, షెడ్యూల్‌కు (పట్టికకు) కావలసిన లెవల్స్‌ను రెవిట్‌తో పనిచేసే స్క్రిప్టింగ్ సాధనం డైనమోతో రాయించండి.

షాఫ్ట్ ఎత్తు అంటే లోతులోంచి ఫ్రేమ్, స్లాబ్ మందం తీసేయగా మిగిలేది. ఫ్రేమ్ 150, స్లాబ్ 200 అనుకుంటే, లోతు 350 మి.మీ.కు దిగగానే షాఫ్ట్ సున్నా అవుతుంది, ఎక్స్‌ట్రూజన్ (సాగదీసి చేసే ఘనాకారం) తయారుకాదు, ఎర్రర్ వస్తుంది. ఇఫ్ ఫార్ములాతో కనీసం 10 మి.మీ. ఉండేలా కాపలా పెట్టండి. అయితే అంతటితో ఆగితే తప్పుడు డేటా నిశ్శబ్దంగా దాటిపోతుంది. 'లోతు చాలదు' అనే యెస్/నో (అవును/కాదు) పారామీటర్ కూడా పెట్టి షెడ్యూల్‌లో కనబడనివ్వండి.

ఎక్కువ తప్పులు దొర్లేది పైపు వ్యాసాల దగ్గరే. పేరులో ఉన్న అంకెను నేరుగా వాడకండి. డీఎన్ (నామమాత్ర వ్యాసం) 300 డక్టైల్ ఐరన్ పైపు బయటి వ్యాసం 326 మి.మీ., సాకెట్ దగ్గర ఇంకా ఎక్కువ. పాలిథీన్ పైపులో లెక్క తిరగబడుతుంది: 110 అంటే బయటి వ్యాసమే. ఎస్‌డీఆర్ (బయటి వ్యాసానికి, గోడ మందానికి నిష్పత్తి) 11 అయితే గోడ మందం 10, లోపలి వ్యాసం 90. క్లాష్ చెక్‌కు (ఒకదానికొకటి తగులుతున్నాయా అనే తనిఖీకి) బయటి వ్యాసం, ప్రవాహానికి లోపలిది కావాలి గనుక రెండూ విడివిడి పారామీటర్లుగా ఉండాలి. కనెక్టర్ (ఫ్యామిలీకి పైపు అతికే బిందువు) పైపు మధ్యరేఖను పట్టుకుంటుంది, ఇన్వర్ట్‌ను కాదు. అంటే దాని ఎత్తు ఇన్వర్ట్‌కు లోపలి వ్యాసార్థం కలిపితే వచ్చేది. పై పాలిథీన్ పైపుకు 45 కలపాలి. 55 కలిపితే పైపు 10 మి.మీ. పైకి పోతుంది. 1:100 వాలులో అది ఒక మీటరు పొడవుకు రావాల్సిన దిగువ మొత్తం.

లోపలికి వచ్చే పైపుల కోణాలకు రిఫరెన్స్ ప్లేన్ వద్దు, రిఫరెన్స్ లైన్ వాడండి. దాని ఒక కొనను చాంబర్ కేంద్రానికి లాక్ చేయండి. 180, 360 డిగ్రీల దగ్గర తప్పకుండా తిప్పి చూడండి. రంధ్రాల కోసం వాయిడ్ (గోడను కోసే ఖాళీ ఆకారం) పెట్టినప్పుడు గుర్తుంచుకోవాల్సింది: విజిబిలిటీ ఆఫ్ చేసినా వాయిడ్ కోస్తూనే ఉంటుంది. పైపు లేనిచోట ఫార్ములాతో దాన్ని గోడ బయటికి తోసేయాలి.

షేర్డ్ పారామీటర్లు (ఫ్యామిలీలు, ప్రాజెక్టులు పంచుకునేవి) అందరికీ ఒకే ఫైలు నుంచి రావాలి. పేరు ఒకటే అయినా జీయూఐడీ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య) వేరైతే ట్యాగ్ ఖాళీగా వస్తుంది. ఐఎఫ్‌సీ (వేర్వేరు సాఫ్ట్‌వేర్లు మోడల్ పంచుకునే ఫార్మాట్) ఎగుమతిలో చాంబర్‌ను ఐఎఫ్‌సీ డిస్ట్రిబ్యూషన్ చాంబర్ ఎలిమెంట్‌గా, మ్యాన్‌హోల్ రకంగా కేటాయించండి, లేకపోతే అది ఊరికే ప్రాక్సీగా, అంటే రకం తెలియని వస్తువుగా పోతుంది.

పాత లైన్లకైతే సర్వే నాణ్యత స్థాయి పారామీటర్ తప్పనిసరి. భూగర్భ లైన్ల సర్వేకు బ్రిటన్ వాడే పీఏఎస్ 128, అమెరికా వాడే ఏఎస్‌సీఈ 38 ప్రమాణాలు రెండింటిలోనూ ఎ నుంచి డి దాకా స్థాయిలున్నాయి. రికార్డుల నుంచి గీసిన డి స్థాయి పైపు, తవ్వి చూసిన ఎ స్థాయి పైపు మోడల్లో ఒకే రంగులో ఉండటం ప్రమాదకరం. ఆ మోడల్‌ను నమ్మి యంత్రం దించేవాళ్లు ఉంటారు.

కోఆర్డినేట్ల విషయం చిన్నదే. సర్వే అంకెల్లోనే గీయకండి, ఇంటర్నల్ ఆరిజిన్ నుంచి 16 కి.మీ. లోపల మోడల్ ఉంచి, షేర్డ్ కోఆర్డినేట్లతో కలపండి.

ఫ్యామిలీ పంచే ముందు ఖాళీ ప్రాజెక్టులో లోడ్ చేసి అతి తక్కువ లోతు, అతి ఎక్కువ లోతు, ఒక్క పైపూ లేని స్థితి, రెండు పైపులు పక్కపక్కనే ఆనుకున్న స్థితి, ఇన్ని వేసి చూడండి. ప్లాన్‌లో కనబడకపోతే వెంటనే ఫ్యామిలీని తప్పుపట్టకుండా, వ్యూ డెప్త్ (ప్లాన్ ఎంత లోతు దాకా చూపిస్తుందనే అమరిక) ఇన్వర్ట్ కిందిదాకా దిగిందో లేదో చూడండి.